గుర్తు లేని పద్నాలుగు రాళ్ళు

కరెంటు కంపెనీలో ఫిర్యాదుల గది మెట్ల కింద ఉండేది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆ గదిలో చెప్పేవాడే లోకువ. అక్కడి గుమాస్తా ఆరేళ్ళుగా వింటోంది. దుమ్ము, దగ్గు, బీటలువారిన గోడలు. మొదట్లో ఇంటికెళ్ళి ఏడ్చేది. ఇప్పుడు ఒక చేత్తో టైపు చేస్తూ రెండో చేత్తో అన్నం తినగలదు.

ఒక సోమవారం ముసలి దర్జీ వచ్చాడు. కొలతల టేపు మెడలోనే ఉంది. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను వదిలే చెరువు తవ్వడానికి కంపెనీ పాత శ్మశానాన్ని ఖాళీ చేసి, సమాధులను ఊరవతలికి మార్చింది.

“మా ఆవిడని ఎక్కడ పెట్టారమ్మా? అది చెబితే చాలు, ఇంకేం వద్దు.”

కంప్యూటర్లో ఫిర్యాదు రకాల కింద భూమి, ఉద్యోగం, దుమ్ము, శబ్దం ఉన్నాయి. ఆమె ‘ఇతరాలు’ నొక్కింది. మార్చిన సమాధుల జాబితాలో ఆవిడ పేరు లేదు. కాంట్రాక్టరుకి ఫోను చేస్తే నీళ్ళు నమిలాడు.

“వానలో మార్చాం మేడం. కాగితాలు తడిసిపోయాయి. పద్నాలుగింటికి పేర్లు రాయలేదు.”

ఆఫీసరుకి చెప్పింది.

“ముప్పై రోజుల్లో ఫైలు మూసెయ్యాలి. ఆ పద్నాలుగులో ఏదో ఒకటి చూపించెయ్యమ్మా. ఆయనకి మనశ్శాంతి, మనకి తలనొప్పి వదులుతుంది.”

గురువారం జీపులో దర్జీని తీసుకెళ్ళింది. చివరి వరుసలో మూడో రాయి చూపించి, “ఇదే తాతా,” అంది. గొంతు వణకలేదు.

దర్జీ వంగి టేపుతో ఆ రాయిని కొలిచాడు. పక్కదాన్నీ కొలిచాడు.

“అందరికీ ఒకే కొలతలో కుట్టేశారే! నీకు తెలీదు కదూ, తల్లీ?”

“తెలీదు తాతా. ఎవరికీ తెలీదు.”

ఆయన కోప్పడలేదు. “ఆ ముక్కే కాగితం మీద రాసివ్వు,” అన్నాడు.

గదికి తిరిగొచ్చాక రాసింది: ‘మీ భార్య సమాధి ఏదో కంపెనీకి తెలియదు.’ ముద్ర వేసి ఇచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం ఆఫీసరు ఆ ఫిర్యాదు కింద ‘పరిష్కరించబడింది’ అని నొక్కాడు.

ఆ కాగితం సంగతి విని, వారం తిరక్కుండా మిగిలిన పదమూడు కుటుంబాలూ వచ్చాయి. “మాకూ అలాంటి కాగితమే ఇవ్వండమ్మా.” అందరికీ రాసిచ్చింది. ఒకామె కాగితాన్ని కళ్ళకద్దుకుంటే, గుమాస్తా తర్వాతివాళ్ళని పిలిచింది.

పదిహేనో రోజున ఆమెను కంపెనీ సిబ్బందికి బస్సు పాసులిచ్చే విభాగానికి మార్చారు. అక్క మండిపడింది.

“అంతమందిలో నీకే పుట్టుకొచ్చిందా నిజాయితీ?”

“నిజాయితీ ఏం లేదక్కా. అడిగారు, రాశాను.”

“పోనీ, బాధగానైనా లేదుటే?”

ఆమె తన లోపల వెతుక్కుంది. “లేదక్కా,” అంది.

మర్నాడు తొమ్మిదింటికి పాసుల కిటికీ తెరిచింది. వరుసలో ముందున్నతను ఫొటో ఇచ్చాడు. ఆమె జిగురు రాసి అతికించింది.