అడుగున ఎర్ర పళ్ళెం

సగం గడ్డం గీసుకున్నాక పళ్ళేల మాస్టారి చెయ్యి ఆగిపోయింది. ఎడమ చెంప నున్నగా ఉంది, కుడి చెంప మీద నురగ ఆరిపోతోంది. అంతకుముందే పొయ్యి మీద పాలు పెట్టి కుండీలకు నీళ్ళు పట్టబోయాడు, కుళాయి వదిలేసి గడ్డానికి కూర్చున్నాడు, ఇప్పుడు గడ్డం కూడా వదిలేసి కాగితం కోసం వెతుకుతున్నాడు. పని మీద పని పేర్చడం, ఆఖరున మొదలుపెట్టినదాన్ని ముందు ముగించుకుంటూ వెనక్కి రావడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ వరసలో పాల వంతు వచ్చేసరికి అవి ఎప్పుడూ పొంగిపోయే ఉంటాయి.

“పెళ్ళి మధ్యలో మీకు ఏ లెక్కా గుర్తుకు రాలేదు కాబట్టి నా బతుకిలా తెల్లారింది,” అంటూ భార్య వచ్చి పొయ్యి ఆర్పింది. కుళాయి కూడా ఆమే కట్టేసింది. “ఏమండీ, సాయంత్రం చెల్లెలు వాళ్ళు భోజనానికొస్తున్నారు. మీరు పట్టుకెళ్ళిన పళ్ళేలన్నీ ఇవాళ ఇంటికి రావాలి. అవి లేకుండా మీరూ రావద్దు.”

“తెస్తాలేవే,” అన్నాడు ఆయన, వినకుండానే. తువ్వాలుతో నురగ తుడిచేసుకుని చొక్కా తొడుక్కున్నాడు.

పళ్ళేల మాస్టారన్న పేరు పిల్లలు పెట్టింది. విశ్వవిద్యాలయంలో ఆయన ఒక రకం ఊహాయంత్రం గురించి పాఠం చెబుతాడు, పరిశోధన కూడా దాని మీదే. కాగితం మీద తప్ప ఎక్కడా ఉండని ఆ యంత్రం అక్షరాలను ఒక్కొక్కటే చదువుకుంటూ పోతుంది. దానికున్న జ్ఞాపకమల్లా ఒక పళ్ళేల దొంతర. పైన ఒకటి పెట్టగలదు, పైనున్నది తీయగలదు, కిందివాటిని చూడను కూడా చూడలేదు. మాటలతో చెబితే పిల్లలు కునుకు తీస్తున్నారని ఆయన ఇంట్లోంచి స్టీలు పళ్ళేలు మోసుకెళ్ళడం మొదలుపెట్టాడు. అన్నిటికంటే అడుగున ఉండేదానికి ఎర్ర రంగు పూశాడు. అది కనబడిందంటే దొంతర అయిపోయిందని యంత్రానికి తెలుస్తుంది. అది లేకపోతే చదవాల్సిన అక్షరాలు మిగిలుండగానే దొంతర ఖాళీ అయి, యంత్రం నడిమధ్యలో ఆగిపోవచ్చు.

“ఏది మరిచినా ఎర్ర పళ్ళేన్ని మరవకండి” అని ఏటా తరగతిలో గొంతు చించుకునే మనిషి, కుర్రతనంలో తాను అచ్చు వేయించిన ఒక చిన్న సిద్ధాంతంలో దాన్నే మరిచిపోయాడు. ఆ సంగతి ఇన్నేళ్ళకు, ఈ పొద్దున, అద్దం ముందు తెలిసింది. మామూలుగా అయితే నవ్వుకుని దిద్దుకునేవాడు. కానీ ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి తన గ్రంథం మొత్తాన్ని ఆ చిన్న సిద్ధాంతం మీదే నిలబెట్టింది. రేపు ఆమెకు మౌఖిక పరీక్ష.

బస్సు నత్తనడక నడుస్తోందని ఒక స్టాపు ముందే దిగిపోయాడు. దిగి నాలుగడుగులు వేశాడో లేదో అదే బస్సు ఆయన్ని దాటుకుని పోయింది. ఎడమ భుజం లాగుతోంది. కడ్డీ పట్టుకుని వేలాడినందుకేననుకున్నాడు.

విభాగంలో కూడా ఒకచోట నిలవలేకపోయాడు. టీ తెచ్చుకుని సగం తాగి కిటికీలో పెట్టాడు. కాసేపటికి ఇంకో టీ తెచ్చుకుని దాని పక్కనే పెట్టాడు. వరండాలో కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. చెప్పకపోతే ఏం పోయింది? పరీక్షకు వచ్చేవాళ్ళు ఆ మూలకు పోయి చూడరు. ఆ అమ్మాయికి పట్టా వస్తుంది, ఉద్యోగమొస్తుంది, తర్వాత తీరిగ్గా దిద్దుకోవచ్చు. అలా అనుకున్నందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. గబగబా గదిలోకొచ్చి పళ్ళేలను మూల నుంచి బల్ల మీదికి మార్చాడు.

ఆమె చేతినిండా గ్రంథం ప్రతులతో వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, చేస్తున్న ఉద్యోగం మానేసి ఈ చదువులో చేరింది.

“అమ్మా, నా సిద్ధాంతంలో కన్నముంది,” అన్నాడు మాస్టారు. “ఎర్ర పళ్ళెం పెట్టలేదు నేను.”

ఆమె ప్రతులను నేల మీదే దించేసింది. “రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ చెబుతున్నారా మాస్టారూ?”

“పొద్దున్నే తెలిసింది. గడ్డం గీసుకుంటుంటే.”

“సగమే గీసుకున్నారు.”

ఆయన కుడి చెంప తడుముకున్నాడు. వదిలేసిన పనికి వెనక్కి వెళ్ళకపోవడం ఆయన జీవితంలో ఇదే మొదలు.

“పిల్లల్ని మా అమ్మ మీద వదిలేసి ఇన్నాళ్ళూ ఇక్కడ పడున్నాను,” అంది ఆమె. “నాకు చాలా కోపంగా ఉంది మాస్టారూ.”

“ఉండనీ తల్లీ. తిట్టాలంటే తిట్టు. కానీ ముందు పళ్ళేలు అందుకో.”

ఎర్ర పళ్ళేన్ని అడుగున పెట్టి మొదటి నుంచీ మొదలుపెట్టారు. ఆమె అక్షరాలు చదివింది, ఆయన పెడుతూ తీస్తూ పోయాడు. మొదటి అధ్యాయం నిలబడింది. రెండోదీ నిలబడింది. మూడో అధ్యాయంలో రెండు యంత్రాలను ఒకదాని వెనక ఒకటి కలపాలి. మొదటిది పని ముగించాక రెండోది అందుకోవాలి. రెండోదానికి మరో ఎర్ర పళ్ళెం పెడితే, దాని పని పూర్తయ్యాక కూడా కింద మొదటిదాని పళ్ళెం మిగిలిపోతోంది. మధ్యాహ్నం భోజనం మాట ఇద్దరికీ గుర్తుకు రాలేదు. ఆయన కిటికీకీ తలుపుకీ మధ్య ఆగకుండా తిరిగాడు.

“ఒక్కచోట కూర్చోండి మాస్టారూ, మిమ్మల్ని చూస్తుంటే నా బుర్ర పని చెయ్యట్లేదు,” అని కసిరింది ఆమె.

ఆయన ఠక్కున ఆగాడు గానీ కూర్చోలేదు. ఆమె పళ్ళేలన్నీ తీసేసి, మిగిలిన ఎర్రదాన్ని చాలాసేపు చూసింది.

“కొత్తది ఎందుకు?” అంది నెమ్మదిగా. “మొదటిది దిగిపోయాక దాని ఎర్ర పళ్ళెం ఖాళీగానే ఉంటుంది కదా. రెండోది దాని మీదే పేర్చుకోవచ్చు.”

మాస్టారు బల్ల మీదికి వంగి ఎర్ర పళ్ళేన్ని తట్టాడు. “పేర్చుకోవచ్చు. నాకు తట్టనే లేదే! రాసెయ్యమ్మా, రాసెయ్.” పొద్దున్నుంచి మొదటిసారి కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాడు. ముఖం వెలిగిపోతోంది.

ఆమె రాస్తూనే ఉంది. ఒక గుర్తు గురించి అడిగితే జవాబు రాలేదు. పాపం అలిసిపోయాడని నిద్ర లేపలేదు. పేజీ పూర్తిచేసి తలెత్తాక, ఆయన నిద్రపోవడం లేదని ఆమెకు తెలిసింది.

పరీక్ష కొన్నాళ్ళు వాయిదా పడింది. జరిగిన రోజున మూడో అధ్యాయం మీద గుచ్చి గుచ్చి అడిగారు. ఆమె తడుముకోకుండా చెప్పింది. కన్నం మాట ఎవరూ ఎత్తలేదు, అది అక్కడ లేదు కాబట్టి.

ఆ తర్వాత మాస్టారి భార్య గది ఖాళీ చెయ్యడానికి వచ్చింది. పళ్ళేలను చూడగానే ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. “అవి లేకుండా ఇంటికి రావద్దన్నాను,” అంది. “ఆ సగం గడ్డంతోనే వెళ్ళిపోయారు.” ఆమెను పట్టుకుని ఆ అమ్మాయీ ఏడ్చింది.

ఇద్దరూ కలిసి పళ్ళేలు కడిగి తుడిచి సంచిలో సర్దారు. ఆఖరిదాన్ని చేతిలోకి తీసుకుని పెద్దావిడ ఆగింది.

“దీన్లో ఎవరికి అన్నం పెడతాను? నువ్వే ఉంచుకో. పాఠం చెప్పేటప్పుడు పనికొస్తుంది.”

సంచి పట్టుకుని ఆవిడ వెళ్ళిపోయింది. బల్ల మీద ఎర్ర పళ్ళెం ఒక్కటే ఉంది, ఆయన బొటనవేలు ఎప్పుడూ ఆనే చోట రంగు పోయి, లోపలి స్టీలు కనబడుతూ.