చర్చికి రెండు గడియారాలు

నలభై ఏళ్లు మాల్టా రేవులో పడవ నడిపాను. ఊరు చూడ్డానికి వచ్చి నా పడవ ఎక్కిన వాళ్లెవరికీ ఓడ తప్పలేదు. ఒక్కసారి తప్పబోయింది, అదీ నా వల్లే.

ఆవిడ పేరు సోల్వైగ్, నార్వే టీచరమ్మ. వాచీ ఓడలోనే మరిచిపోయిందట. కోటా, రేవూ అన్నీ తిప్పి, మూడింటికి మా చర్చి ముందు దింపాను.

"నాలుగింటికల్లా ఈ రేవు మెట్ల దగ్గరికి వచ్చేయండమ్మా, అయిదింటికి మీ ఓడ కదిలిపోద్ది. టైము కావాలంటే అదిగో, చర్చి గడియారం" అన్నాను.

నాలుగున్నరైనా ఆవిడ జాడ లేదు. పక్క పడవ నడిపే కార్మెను నవ్వాడు. "ఏ గడియారం చూడమన్నావ్, గ్రెట్సూ మావా?"

అప్పుడు గుర్తొచ్చింది. మా చర్చికి రెండు గడియారాలు. ఒకటి నడిచేది. రెండోది, పూజ వేళ తెలీకుండా సైతాన్ని తికమక పెట్టడానికి గోడ మీద రంగులతో వేసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది కదా, చెప్పాలని తట్టనే లేదు.

పరిగెత్తాను. ఆవిడ కాఫీ కొట్టు ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఇంకా మూడే! మీ ఊళ్లో కాలం కదలదు, ఎంత హాయో!"

"అది సైతాను గడియారం తల్లీ, లేవండి!"

తెడ్లు విరిగేలా వేశాను. ఓడ మెట్లు ఎత్తబోతుంటే అందుకున్నాం.

"ఇంతకీ సైతాను మోసపోయాడా?" అంది ఎక్కుతూ.

"వాడి సంగతి తెలీదు. టీచరమ్మలైతే బోల్తా పడుతున్నారు."

అప్పటి నుంచీ నా పడవ ఎక్కినవాళ్లకు ముందు చూపించింది కోట కాదు, ఆ బొమ్మ గడియారమే.