తుడిచేసిన చప్పుడు

ఆపేసిన పాట ముక్క ఒకటి తర్వాతి పాట మొదట్లో దయ్యంలా పలుకుతోందని ఒకటే ఫిర్యాదులు. పాత శబ్దాన్ని ముందే తుడిచేసేలా తిరువళ్ళూరులో ఉండే తోటి ఉద్యోగి శశికుమార్, కంప్యూటర్లో పాటలు పలికించే ఆడియో డ్రైవర్ కోడు మార్చి పంపినాడు. దాన్ని సరిచూసే పని తిరుత్తణిలో ఇంటినుంచి ఉద్యోగం చేసే సుగంధిది.

పరీక్షకు ఆమె వాడేది పోయిన నాయన మగ్గం చప్పుడు. ఆయన ఉన్నప్పుడు తనే రికార్డు చేసింది. ఒక్క దెబ్బ తప్పినా ఇట్టే తెలిసిపోతుంది. అమ్మ వింటే కుమిలిపోతుందని ఎప్పుడూ హెడ్‌ఫోన్‌లోనే వినేది. ముందరింట్లో, అదే ఇంటి ముందరి గదిలో, ఉండిన మగ్గం అమ్మేసి, దాని గుంత పూడ్చేసి ఏడాదైంది.

పాత కోడుతో, ఆపిన మగ్గం తర్వాతి పాట మొదట్లో ఇంకో దెబ్బ కొట్టింది. కొత్త కోడుతో చడీచప్పుడు లేదు.

"ఈ శశిగాడికి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అని గొణుక్కుంటూ మార్పుకు ఒప్పుదల ఇచ్చేసి, హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏమ్మే సుగంధీ, ముందరింట్లో దినామూ మీ నాయన మగ్గం పెడతా ఉంటివే, నాకెంత నిమ్మళంగా ఉండె! ఈపొద్దు ఏంటికి ఆపేస్తివి?"

హెడ్‌ఫోన్ తీగ ఊడలేదని సుగంధి రెండుసార్లు చూసుకుంది. ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకుంది. కారణం రాయమని అడిగిన చోటు ఖాళీగా వదిలేసింది.