డాలరుకు మూడున్నర మనాత్‌లు

అచ్యుతరావు గారికి తెలియని విషయం ఉండదు. ఆ సంగతి ఎవరూ అడక్కముందే ఆయనే చెబుతారు. అమెరికాలో, అరోరాలో ఏళ్ల తరబడి ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక వినేవాళ్లు తగ్గిపోయారు గానీ, చెప్పే నోరు తగ్గలేదు. అందుకే బేస్‌మెంట్ గదిలో అద్దెకు దిగిన మాహ్రీ ఆయన పాలిటికి వరమైంది. తుర్క్‌మెనిస్తాన్ నుంచి నర్సింగ్ చదవడానికి వచ్చిన పిల్ల. ఇంకొక్క ఏడాది చదువు మిగిలింది. భార్య మీనాక్షి గారు వడ్డించిన పప్పుచారన్నం తింటూ, ఆయన చెప్పేదంతా తలూపుతూ వినేది.

ఒక రోజు ఆ పిల్ల అన్నం ముట్టలేదు. ఫీజు గడువు ముంచుకొస్తోంది. వాళ్ల నాన్న దగ్గర వాళ్ల దేశపు డబ్బుకు, మనాత్‌లకు లోటు లేదు. వాటిని డాలర్లుగా మార్చమని బ్యాంకులో అర్జీ పెట్టి నెలలైనా కదలిక లేదు. బ్యాంకు రేటు డాలరుకు మూడున్నర మనాత్‌లు, నల్లబజారులో ఇరవై. ఆ రేటుకు ఉన్న డబ్బు చాలదు గనుక, ఇల్లు అమ్మేసి బజారులోనే కొంటానంటున్నాడు.

"బజారులోనా? మీ నాన్నకేమన్నా మతిపోయిందా!" అని ఇంగ్లీషులో కసిరారు అచ్యుతరావు గారు. "గవర్నమెంట్ రేట్ ఫిక్స్ చేసిందంటే ఇచ్చి తీరాలి. నేను బాకూ వెళ్లినప్పుడు చూశాగా! అజర్‌బైజాన్‌లోనూ మనాతే. బోర్డు మీద ఒకటీ డెబ్భై అని ఉంది. వీధి చివర కౌంటర్లో మనాత్‌లిస్తే అదే రేటుకి డాలర్లు చేతిలో పెట్టారు. కాస్పియన్ సముద్రం దాటితే మీ దేశమేగా. వెయిట్ చెయ్యమను."

"మా దగ్గర అలా కాదు అంకుల్," అంది మాహ్రీ మెల్లగా. ఆయన వినిపించుకోలేదు.

మీనాక్షి గారు చెక్‌బుక్ తీసుకుని వచ్చారు. "ఫీజు మనం కట్టేద్దామండీ. వాళ్ల డబ్బు వచ్చాకే తీసుకుందాం."

"నీకెందుకే అంత కంగారు? వారం తిరక్కుండా వస్తుంది. పైగా వాళ్ల నాన్నకి మాత్రం పరువుండదూ?"

ప్రొఫెసర్ గారి మాట మీద అక్కడ ఆ తండ్రి ఇల్లు అమ్మలేదు. బ్యాంకు కరగలేదు. గడువు దాటింది. కాలేజీ వాళ్లు పేరు కొట్టేశారు, పేరుతో పాటు వీసా పోయింది. అప్పుడు అచ్యుతరావు గారు తానే చెక్కు పట్టుకుని కాలేజీకి పరుగెత్తారు. కౌంటర్లో ఆవిడ చాలా మర్యాదగా, ఇప్పుడు కట్టి లాభం లేదంది. పార్కింగ్‌లో కార్లో కూర్చుని, స్టార్ట్ చెయ్యడానికి చేతులు రాక ఆయన ఏడ్చారు. ఆ పిల్ల చదువు కన్నా తన మాట నెగ్గడమే తనకు ముఖ్యమైందని తెలిసి, సిగ్గుతో ఏడ్చారు.

బయల్దేరే రోజు మీనాక్షి గారు మాహ్రీకి బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టి, ఆడపిల్లను సాగనంపినట్టే సాగనంపారు. మాహ్రీ ఆయనకు ఒక కవరు ఇచ్చింది. చివరి నెల అద్దె. లోపల అన్నీ మనాత్ నోట్లే.

"డాలర్లు అయిపోయాయి అంకుల్. ఇవి తిరిగొచ్చేటప్పుడు పనికొస్తాయని అమ్మ పెట్టెలో పెట్టినవి. మీరు చెప్పిన రేటే వేశాను, మూడున్నర."

వెటకారమేమోనని ఆయన ఆ పిల్ల ముఖం చూశారు. వెటకారమైనా బాగుండేది. అందులో గౌరవమే ఉంది. వద్దు, నువ్వే ఉంచుకో అని ఎంత బతిమాలినా తీసుకోలేదు.

ఆ పిల్ల సెక్యూరిటీ దాటి కనబడకుండా పోయాక, ఆయన తిన్నగా ఎయిర్‌పోర్టులోని మనీ ఎక్స్‌చేంజ్ కౌంటరుకు వెళ్లారు. అక్కడి కుర్రాడు నోటును అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి మేం తీసుకోం సర్ అన్నాడు.

"దీనికి రేటుంది. డాలరుకి మూడున్నర," అన్నారు అచ్యుతరావు గారు. కుర్రాడు నోటు వెనక్కి తోశాడు. ఆయన మళ్లీ అదే అన్నారు.

మీనాక్షి గారు ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "ఆ రోజు చెక్కు రాసేశానండీ. మీరు వద్దన్నారని చింపేశాను," అన్నారు. "అందరం మీ మాటే విన్నాం."

ఆయన నోట్లన్నీ మళ్లీ కవర్లో పెట్టబోయారు. సగం కింద పడ్డాయి.