మీసాల దొరగారి ముక్క

కువైట్‌లో, హవల్లీలోని మా అమ్మాయి ఇంటికి నేను వచ్చిన మూడో వారంలో, నా చేతుల మీదుగా ఒక అన్యాయం జరిగింది. దాన్ని సరిదిద్దవలసిన బాధ్యత కూడా నాదే అయింది.

మా అల్లుడు మురళీధర్ అహ్మది చమురు క్షేత్రంలో ఇంజనీరు. కువైట్ విడిచి వెళ్తున్న ఫ్రెంచి సహోద్యోగి ఒకాయన అతనికి వెయ్యి ముక్కల జిగ్‌సా పజిల్ ఇచ్చాడు. వందేళ్ళనాటి హాస్యచిత్రమట. బొమ్మ ఉన్న మూత ఎప్పుడో పోయింది కనుక, అందులో ఏముందో పేర్చితే గాని తెలియదు. నాలుగు రోజుల్లో సముద్రతీరం తేలింది. గొడుగుల కింద దొరసానులు, ఒక పోలీసు, లావుపాటి ఫాదరు, నోట ఏదో గుడ్డ కరచుకొని పారిపోతున్న కుక్క కనిపించారు.

గురువారం మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు, చిత్రం నడుమనున్న మీసాల దొరకు నేనొక ముక్క అమర్చాను. కుక్క ఎత్తుకుపోతున్నది ఆ దొరగారి లాగు అని అప్పుడు అర్థమైంది. ఆయన ముఖం మాత్రం కుక్క వైపు తిప్పి, మనకు వీపు చూపి నిలబడ్డాడు. అంతకంటె వివరించను.

వెంటనే ఆ ముక్కను ఊడదీసి కళ్ళజోడు పెట్టెలో దాచాను. గుంటూరు కాన్వెంటులో మా సిస్టర్లు చరిత్ర పుస్తకంలోని గ్రీకు శిల్పాలకు అట్టకాగితం అంటించిన తరువాతే పుస్తకాన్ని మా చేతికిచ్చేవారు. ప్రధానోపాధ్యాయినిగా నేనూ అదే పద్ధతి పాటించాను. పన్నెండేళ్ళ మనవరాలున్న ఇంట్లో మరోలా చేయడం నాకు తెలియదు.

నేను ఊహించని సంగతి ఒకటుంది. ఆ చిత్రంలోని మనుషులందరూ సరిగ్గా ఆ చోటునే చూస్తున్నారు. సాయంత్రానికి తొమ్మిది వందల తొంభై తొమ్మిది ముక్కలూ కుదిరేసరికి, ఊరంతా ఒక ఖాళీని చూసి నోరు తెరిచినట్టుంది.

"అమ్మమ్మా, వీళ్ళంతా ఏం చూస్తున్నారు?" అంది సహస్ర.

"సముద్రాన్ని."

"సముద్రం అటుంది కదా."

"ఆ మీసాలాయన చేతిలో పెద్ద చేప ఉందేమోలే," అన్నాడు మురళీధర్.

"చేపైతే ఫాదర్ కళ్ళెందుకు మూసుకుంటాడు నాన్నా?"

అప్పుడు మా అమ్మాయి కనకవల్లి పనిమనిషి శాంతమ్మను పిలిచింది. గోదావరి జిల్లా మనిషి. ఆరేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటోంది.

"సాయంత్రం వాక్యూమ్ పెట్టావు కదా. దుమ్ము సంచీ ఏది?"

"కింద పారేశానండి మామా. కానీ బల్ల జోలికెళ్ళలేదండి." ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని "మామా" అంటారు.

"ఖలాస్. పోయినట్టే. నీ ధ్యాసంతా రేపటి మీదే ఉంది. రేపు సెలవూ లేదు, ఏమీ లేదు. ఇల్లంతా వెతుకు."

మరునాడు శుక్రవారం, ఇక్కడి వారపు సెలవు. శాంతమ్మ చెల్లెలు జాయ్సీ ఇక్కడే నర్సు. ఆమె తొలి బిడ్డను ఆ రోజు చర్చిలో దేవునికి ప్రతిష్ఠించబోతున్నారు. బిడ్డను పాస్టరుగారి చేతికి అందించవలసింది శాంతమ్మ. వాళ్ళకు తల్లి లేదు.

"సాక్ష్యం ఏది?" అని నేను అడిగాను.

"అమ్మా, ఇది కోర్టు కాదు."

"కోర్టు లేనిచోటనే సాక్ష్యం మరింత అవసరం. ఆ ముక్క మొదటినుంచీ లేదేమో."

"ఉంది అమ్మమ్మా. నేను లెక్కపెట్టాను. సరిగ్గా వెయ్యి," అంది సహస్ర. ఆ పిల్లకు లెక్కపెట్టడం నేర్పింది నేనే.

"పోనీండి పెద్దమ్మగారూ. నా గురించి మీరూ మామా గొడవ పడ్డం ఎందుకండి," అంటూ శాంతమ్మ ఫోను తీసింది. "రాలేనని జాయ్సీకి చెప్పేత్తాను."

ఫోను అవతల మోగడం నాకు వినిపించింది.

"ఫోను పెట్టెయ్," అన్నాను. కళ్ళజోడు పెట్టె తెరిచి, ముక్కను బల్ల మీద బోర్లా పెట్టాను. "తీసింది నేను. చూడదగినది కాదని తీశాను. శాంతమ్మ నిర్దోషి."

మురళీధర్ కిటికీ వైపు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి. సహస్ర ముక్కను తిప్పి ఖాళీలో నొక్కి, కాసేపు పరీక్షించింది.

"ఇంతేనా? నేనింకా శవమేమో అనుకున్నాను."

శాంతమ్మ వంగి చూసింది. "ఓలమ్మ, దీనికాండి? నేను ముగ్గురు పిల్లలకీ, మా మాంగారికీ తానాలు చేయించినదాన్నండి."

"ముందు ఆమెకు క్షమాపణ చెప్పు," అని మా అమ్మాయితో అన్నాను.

"నువ్వు చెప్పవా?"

న్యాయమైన ప్రశ్న. ఇద్దరమూ చెప్పాము. నా తప్పు పెద్దది కనుక నేను ముందు చెప్పాను.

"సరే, వెళ్ళిరా శాంతమ్మా," అంది కనకవల్లి. "రేపు భోజనానికి ఆరుగురు వస్తున్నారు. ఎలాగో నేనే చేసుకుంటాను."

"నేను చేస్తాను. అది నాకు పడిన శిక్ష," అన్నాను.

శుక్రవారం ఉదయం చర్చి వాను కింద హారను కొడుతుంటే, తెల్లచీర కట్టుకున్న శాంతమ్మ వంటింటి గుమ్మంలో ఆగి నన్ను పైనుంచి కిందకు చూసింది.

"ఉల్లిపాయలు సన్నగా తరగాలండి. సింకు కింద కూడా తుడవాలండి. అక్కడెవరూ చూడరని వదిలెయ్యకూడదండి."

"సరే శాంతమ్మా," అన్నాను. ఆమె లిఫ్టు ఎక్కింది. నేను కొంగు దోపుకొని సింకు కిందకు వంగాను.