గాలి ఓడ తాడు

మా ఆయన్ని గాలి చంపిందంటారు అందరూ. గాలికి ఎగతాళి చేసే నోరుందా? చంపింది మేస్త్రి నోరు.

మా షెడ్డులో ఉండేది గాలి ఓడ, గ్యాసు నింపి ఎగరేసే పేద్ద గుడ్డ బుడగ. ఒకప్పుడు ఇలాంటివి సముద్రాలు దాటాయట, ఊళ్ల మీద బాంబులు కూడా వేశాయట. మాది మాత్రం బిస్కెట్ల బొమ్మ వేసుకుని ఊరి మీద ఊరేగుతుంది. దాని గుడ్డకు అతుకులు వేయడం నా పని. దిగేటప్పుడు తాళ్లు పట్టి నేలకు లాగడం మా ఆయన పని. కాళ్లు నేల మీంచి లేచాయంటే తాడు వదిలెయ్యాలి, అంతే. ఆ మాట మేస్త్రికి గిట్టదు. ఓడకు గీత పడితే యజమాని చీవాట్లు పెట్టేది తనకే కదా!

పోయిన నెల మా ఆయన అందరికంటే ముందు వదిలాడు. ఓడ వెళ్లి గోడకు రాసుకుంది. ఆ రోజు నుంచి "జారుడుబండ" అని పేరు పెట్టారు. "ఏమోయ్ జారుడుబండా, పెళ్లాన్నైనా పట్టుకోగలవా?" అని మేస్త్రి అంటే తాళ్లవాళ్లంతా పడీపడీ నవ్వేవాళ్లు. వాళ్ల నోళ్లు పడ! మా ఆయనకు ముద్ద దిగేది కాదు. "కుక్కలు మొరిగితే మనకేంటి, ప్రాణం ముఖ్యం" అన్నాను. "నీకేం తెలుసే" అన్నాడు.

మొన్న దిగుతుంటే ఈదురుగాలి కొట్టింది. ఓడ ఒక్క ఊపున లేచింది. అందరూ తాళ్లు వదిలేసి దబదబా పడ్డారు, మేస్త్రితో సహా. మా ఆయన వదల్లేదు.

"వదిలెయ్యవయ్యా! నీకు దణ్ణం పెడతా!" అంటూ షెడ్డులోంచి పరుగెత్తాను. అప్పటికింకా మనిషెత్తే. కాలు విరిగినా బతికేవాడు. నా వైపు చూడనే లేదు. కింద పడున్న మేస్త్రిని చూసి నవ్వాడు. అయ్యో, నెల తర్వాత మొదటిసారి నవ్వాడు.

చూస్తుండగానే ఓడ మేడల ఎత్తు దాటేసింది. "వదలకు! నీ కాళ్లు మొక్కుతానయ్యా, వదలకు!" అని అదే గొంతుతో అరిచాను. రోడ్డు మీద జనం ఇదేదో బిస్కెట్లవాళ్ల సర్కస్ అనుకుని చప్పట్లు కొట్టారు. మనిషి చేతులు ఎంతసేపని ఆగుతాయి!

వారం తిరక్కుండానే ఓడ మళ్లీ పనిలోకొచ్చింది. "మగాడంటే వాడురా" అని మా ఆయన గురించి మేస్త్రి అందరికీ చెప్పాడు. ఆయన చోట్లో మా మరిది నిలబడ్డాడు. తాడును ముంజేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. విప్పమని కాళ్లావేళ్లా పడ్డాను.

"అన్న పరువు తియ్యకు వదినా" అన్నాడు.