అరంగుళం వాపు

క్యాన్సర్ వల్ల మా అమ్మాయికి ఎడమ రొమ్ము తీసేసి, రేడియేషన్ కరెంటు పెట్టించడం కూడా అయ్యాక ఆ పక్క చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. పై అరలో గ్లాసు అందుకోవాలన్నా నన్నే పిలిచేది. ఇదే ఆపరేషనైన ఆడవాళ్లు కొందరు కలిసి మెత్తటి బంతితో వాలీబాల్ ఆడుకుంటారని, చేరితే చెయ్యి సాగుతుందని ఆసుపత్రి నర్సు చెప్పింది. బంతి ఛాతీకి తగిలితే? ఎవరైనా మీద పడితే? నేను ఇన్ని అడిగితే మా అమ్మాయి, "ఆడేది నువ్వు కాదులేమ్మా" అని చెప్పులేసుకుంది.

ఆడి వచ్చిన రోజు ఒళ్లు హూనమై సోఫాలో వాలిపోయేది. అయినా రెండు నెలలకు చెయ్యి చెవి దాకా లేచింది. జట్టులో అందరికన్నా పెద్దావిడను బామ్మ కెప్టెన్ అంటారట. ఎవరైనా బంతి వదిలేస్తే, "పోన్లే తల్లీ, బంతికి దెబ్బ తగల్లేదుగా" అంటుందట. మా అమ్మాయి అవి నాకు చెప్పి నవ్వేది. నాకు మాత్రం ఆపరేషనైన పక్క చెయ్యి వాస్తుందన్న బెంగ. ఒకసారి నీరు పట్టిందంటే పూర్తిగా తగ్గడం కష్టమని నర్సు అన్న మాటొక్కటే నా చెవిలో ఉండిపోయింది.

ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నదాన్ని. ఒక సాయంత్రం టేపు తీసి తన చెయ్యి మోచేతి పైన కొలిచాను. నర్సు అంతకుముందు కొలిచి చీటీలో రాసినదానికన్నా అరంగుళం ఎక్కువ. మళ్లీ కొలిచాను, అంతే. తనకు చెప్పాను. ఆటకు వెళ్లడం మానేసింది. నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకు కాస్త నిద్ర పట్టింది.

మూడు వారాలకు ఆసుపత్రిలో నర్సు కొలిస్తే పాత కొలతే. వాపు లేదు. కానీ చెయ్యి మళ్లీ భుజం దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో నేను కొలిచిన సంగతి చెబితే, ఎలా కొలిచారో చూపించమంది. చూపించాను. బట్ట బిగుతు కాకుండా టేపు కింద వేలు పెట్టి కొలవడం మా కుట్టుపనివాళ్లకు అలవాటు. నర్సు నా వేలు వైపు చూసింది. మా అమ్మాయీ చూసింది.

తిరుగు బస్సులో మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. తప్పు నాదేనన్నాను. అప్పుడు నా వైపు తిరిగింది.

"నాకూ భయమేనమ్మా. నీ భయాన్ని సముదాయించేసరికే నా ఓపికంతా అయిపోతోంది. ఇంక నాది ఎప్పుడు చూసుకోను?"



ఆ శనివారం మళ్లీ ఆటకు బయల్దేరింది. లోపలికి రానని ఒప్పుకుని వెంట వెళ్లాను. హాలు బయట మెట్ల మీద కూర్చుని, బంతి దబ్బుమన్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. గంటకు మోకాళ్లు పీకాయి. తను చెమటలు కక్కుతూ, కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చింది. చెయ్యి ఎంతవరకు లేచిందని అడగబోయి ఊరుకున్నాను. వచ్చే వారం ఇక్కడిదాకా కూడా రావద్దంది.

సరేనన్నాను. ఎన్ని గంటల బస్సుకు తిరిగొస్తుందో మాత్రం అడిగి తెలుసుకున్నాను.